కాగు టర్బైను నాడి

కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుదావేశము జనించునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. వెనుకటి గ్రామఫోను క్రిస్టల్ పికప్ పాడినదీ ఈ గుణముచేతనే. కాగు టర్బైను అదురును కొలుచుటకు అట్టి స్ఫటికము గల చిన్న డబ్బీని దానిపై మరతో బిగింతురు. 480 డిగ్రీల సెంటీగ్రేడుకు తాళు రకములును గలవు. ట్రాన్సిస్టర్లు తాళలేవు గనుక, ఆవేశమును వోల్టేజిగా మార్చు ఆంప్లిఫయరును దూరమున చల్లనిచోట నుంచెదరు.

చిక్కంతయు నడిమి తీగలోనే. స్ఫటికమిచ్చు ఆవేశము అత్యల్పము. తీగ ఊగెనా, లోపలి పొరల రాపిడికే దొంగ ఆవేశము పుట్టును. కొనయందు చెమ్మయో వ్రేలి జిడ్డో చేరెనా, కొలత నిలకడ తప్పును. దొంగ వార్తను నమ్మి బాగున్న టర్బైనును ఆపుట నష్టము. విసిగి నిజమైన హెచ్చరికను పెడచెవిని పెట్టుట ప్రాణాపాయము. కావున రాపిడి సద్దు పుట్టనీయని ప్రత్యేకపు తీగనే వాడి, ఊగకుండ యంత్రమునకే కట్టవలెను. కొనలను తుడిచి, పొడిగా నుండగనే బిగింపవలెను.