వెలుతురు వీపు వెనక ఉంటే ముఖం కనిపిస్తుందా?

ముసలమ్మ పాట అందుకుంటుంది. నాట్లు వేసేటప్పటి పాటలు, బతుకమ్మ పాటలు, పెళ్లిలో పసుపు దంచేటప్పటి పాటలు... ఒకదాని వెనక ఒకటి. ఊళ్లో అవన్నీ పూర్తిగా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మనవడు ఫోను తీసి వీడియో పడతాడు. కాస్త గాలి తగులుతుందని ఆమెను తలుపు దగ్గర, వాకిలికి వీపు పెట్టి కూర్చోబెడతాడు. తాను ఇంటి లోపల నిలబడతాడు. పాట బాగానే వస్తుంది.

కొన్నేళ్లకు ఆమె పోయాక, పదకొండో రోజున ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఆ వీడియో పెట్టుకుంటారు. గొంతు ఖంగుమంటుంది. ముఖం మాత్రం మసిగుడ్డ. వాకిట్లో కట్టేసిన బర్రె చక్కగా కనబడుతుంది, ముసలమ్మ కనబడదు. మళ్లీ తీద్దామంటే మనిషి లేదు.

ఏ ఊళ్లో అడిగినా ఇలాంటి వీడియో ఒకటి దొరుకుతుంది. ఫోను చవకది, అందుకే అలా వచ్చిందంటారు కొందరు. మనిషే నలుపు, ఏం చేసినా అంతే పడుతుందని తేల్చేస్తారు మరికొందరు. ఈ రెండో మాట మరీ అన్యాయం. ఆ మాట పడలేక ఫోను ఎత్తగానే కొంగు అడ్డం పెట్టుకునే ఆడవాళ్లు, ముఖానికి ఇంత పౌడరు మెత్తుకునే కుర్రాళ్లు ఎందరో. పౌడరు జిడ్డు మెరుపును తగ్గిస్తుందేమో గానీ చీకటిని తగ్గించదు. తప్పు ముఖానిది కాదు, కూర్చోబెట్టిన తీరుది.

మన కన్ను ఎండనూ నీడనూ ఒకేసారి సర్దుకుని చూడగలదు. కెమెరాకు అంత శక్తి లేదు. తన ఎదుట ఉన్నదంతా కలిపి వెలుతురు లెక్క గడుతుంది. వెనక మధ్యాహ్నపు వాకిలి భగభగలాడుతుంటే, వెలుతురు మరీ ఎక్కువైందనుకుని మొత్తాన్ని తగ్గించేస్తుంది. ఆ తగ్గింపులో ముఖం మునిగిపోతుంది. కొత్త ఫోన్లు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుతాయి. అయినా అంత ఎండ ముందు అవీ తడబడతాయి.

మందు పైసా ఖర్చు లేనిది. మనిషిని ఇటు నుంచి అటు తిప్పి కూర్చోబెట్టడమే. ముసలమ్మ ఇంటి లోపల, తలుపుకు మూడు నాలుగు అడుగుల దూరంలో, ముఖం వాకిలి వైపు పెట్టి కూర్చోవాలి. ఎండ నేరుగా ఒంటి మీద పడకూడదు. ఫోను పట్టుకున్నవాడు తలుపు పక్కగా, వెలుతురుకు అడ్డం రాకుండా నిలబడాలి. ఫోను తెర మీద ఆమె ముఖాన్ని వేలితో ఒకసారి తాకితే, కెమెరా ఆ ముఖాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. చాలా ఫోన్లలో వేలు కాసేపు అదిమి ఉంచితే ఆ లెక్క మారకుండా నిలిచిపోతుంది కూడా.

ముఖంలో ఒక చెంప బాగా వెలిగి రెండోది చీకటైతే, ఆ చీకటి వైపు నులక మంచం నిలబెట్టి దాని మీద తెల్ల పంచె పరిస్తే చాలు. తలుపులోంచి వచ్చిన వెలుతురు పంచెకు తగిలి తిరిగి చెంప మీద పడుతుంది. పెళ్లి మండపాల అలంకరణకు వాడే థర్మాకోల్ పలక ఉంటే మరీ మంచిది. సున్నం వేసిన తెల్లగోడ పక్కన కూర్చుంటే ఈ రెండూ అక్కర్లేదు. ఆకుపచ్చ గోడ అయితే మాత్రం దాని రంగు ముఖానికీ అంటుకుంటుంది.

ఇది ఇంటి చిట్కా అని తీసిపారేయడానికి లేదు. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' 1956లో వచ్చింది. అందులో కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్టుగా వేశారు. పైనుంచి పడే మెత్తటి పగటి వెలుతురు ఎలా తేవాలన్నది సమస్య. కెమెరామన్ సుబ్రత మిత్రా సెట్టు పైన తెల్లబట్ట కట్టించి, కింది నుంచి లైట్లు దాని మీదికి కొట్టించాడు. బట్టకు తగిలి తిరిగి దిగిన వెలుతురే ఆ ముంగిట్లో పగలైంది. మరుసటి ఏడు మన 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే పండించిన వెన్నెల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

అరుగును మించిన స్టూడియో లేదు

మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. కళ్ల గుంటలు, ముక్కు కింద, గడ్డం కింద నల్లగా పడతాయి. మనిషి కళ్లు చికిలిస్తాడు. అదే అరుగు మీదో, పందిరి అంచునో, వేపచెట్టు నీడ చివరనో కూర్చుంటే ఎండ తగలదు, ఎదురుగా ఉన్న ఆకాశం మాత్రం ముఖాన్ని వెలిగిస్తుంది. ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు మచ్చలుగా పడే చోటు వద్దు.

జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో 2012లో మొదలైన 'మై విలేజ్ షో' వీడియోలు చూసినవారికి ఆ వాకిళ్లు, పొలం గట్లు గుర్తుంటాయి. గంగవ్వ ముఖం ఊరూరా తెలిసింది ఆ పగటి వెలుతురులోనే. 2018లో కన్నుమూసిన గుంటూరు జిల్లా మస్తానమ్మ వంటలూ ఆరుబయట పొయ్యి మీదివే.

రాత్రి సంగతి వేరు. గల్ఫులో ఉన్న కొడుకు పని ముగించుకుని ఫోను చేసేది రాత్రే. దుబాయిలో సాయంత్రం ఆరున్నర అయితే ఇక్కడ ఎనిమిది. ఇంటి కప్పుకు వేలాడే బల్బు కింద అమ్మ కూర్చుంటుంది. కళ్ల గుంటలు చీకటి. పాపం, ఏడ్చిందో నవ్విందో కొడుక్కి తెలియదు.

ఇక్కడ కావలసింది పది బల్బులు కాదు, ఒక్కదాన్ని సరైన చోట పెట్టడం. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పాత 60 వాట్ల బల్బుకు దాదాపు సమానం. దాన్ని కళ్ల మట్టానికి కొంచెం పైన, కాస్త పక్కగా పెట్టాలి. కింద పెడితే సినిమాల్లో దయ్యంలా ఉంటుంది. దూరం ముఖ్యం. రెండడుగుల దూరంలోని బల్బును నాలుగడుగులకు జరిపితే ముఖం మీది వెలుతురు సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. ఉత్త బల్బు నీడలు గట్టిగా పడతాయి కనుక దాన్ని తెల్లగోడ వైపు తిప్పవచ్చు, లేదా జానెడు దూరంలో పల్చటి తెల్లబట్ట అడ్డం కట్టవచ్చు. బట్ట కట్టడం ఎల్‌ఈడీకి మాత్రమే. పెళ్లిళ్లలో వీడియో తీసేవాళ్లు వాడిన పాత హాలోజన్ లైట్లు నిప్పుల కుంపట్లు. వాటి దగ్గర బట్ట పెడితే అంటుకుంటుంది.

పసుపుపచ్చ బల్బునూ తెల్ల బల్బునూ కలిపి వేస్తే ముఖం ఒక వైపు పచ్చగా, ఒక వైపు నీలంగా వస్తుంది. ఏదో ఒకటే ఉంచాలి. కళ్లజోడు ఉన్నవారికి గుండ్రటి రింగులైటు ఎదురుగా పెడితే అద్దాల్లో రెండు గాజులు మెరుస్తాయి. లైటు కొంచెం పైకెత్తితే పోతాయి.

మరో బెడద ఉంది. కొన్ని బల్బుల కింద తీసిన వీడియోలో నల్ల చారలు పైకీ కిందికీ పాకుతాయి. ఫోను చెడిపోయిందనుకుని దుకాణానికి పరుగెత్తే పని లేదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దానితో బల్బు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. మన కంటికి అది తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. ఫోనులో 'ప్రో' అనే భాగం ఉంటే షట్టరును సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెడితే చారలు పోతాయి. అది లేకపోతే బల్బు మార్చి చూడాలి. నాసిరకం బల్బులతోనే ఈ తంటా ఎక్కువ.

పాట మొదలుపెట్టే ముందు ఫ్యాను ఆపి, ఓ పది సెకన్లు ఊరికే తీసి చూసుకోవాలి. చూడవలసింది కళ్లు. నల్లగుడ్డులో చిన్న తెల్లచుక్క మెరుస్తుంటే వెలుతురు ముఖానికి అందుతున్నట్లు. చుక్క లేకపోతే ముసలమ్మను కొంచెం తలుపు వైపు జరగమనాలి. చుక్క పడ్డాక, ఇక ఎత్తుకోవమ్మా అనడమే.