ఇన్సులిన్ వేసుకున్నాక సూది ఎక్కడ వెయ్యాలి?

రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకునే వ్యక్తికి నెలకు 60 సూదులు, ఏడాదికి 730. మందు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో డాక్టరు చెప్తారు. వాడిన సూదిని మాత్రం చాలా ఇళ్లలో కవరులో చుట్టి చెత్తబుట్టలో పడేస్తున్నారు.

ఆ చెత్త పొద్దున్నే పంచాయతీ ట్రాక్టరెక్కి డంపింగ్ యార్డుకు పోతుంది. అక్కడ పారిశుద్ధ్య కార్మికులు తడి, పొడి చెత్తను చేతులతోనే వేరుచేస్తారు. సూది గుచ్చుకునేది వాళ్లకే. షుగర్ అంటురోగం కాదు, నిజమే. కానీ సూదికి అంటిన నెత్తురులో హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ ఉంటే గుచ్చుకున్నవాళ్లకు సోకవచ్చు. ఇవి ఒంట్లో ఉన్నా ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. కాబట్టి "నాకే రోగం లేదు" అని ధీమాగా ఉండొద్దు.

చేయాల్సిన పని చిన్నదే. ఖాళీ అయిన ఫినాయిల్ డబ్బా లాంటి గట్టి ప్లాస్టిక్ డబ్బా, బిగుతు మూతది, ఒకటి పక్కన పెట్టుకోండి. మంచినీళ్ల సీసా పనికిరాదు, సూది పొడుచుకొని బయటకొస్తుంది. గాజు సీసా పగులుతుంది. ఇన్సులిన్ వేసుకోగానే సూదిని వంచకుండా, విరవకుండా నేరుగా డబ్బాలో వెయ్యండి. సిరంజి అయితే మొత్తంగా వెయ్యాలి. పెన్ను వాడేవాళ్లు సూదిని దాని పెద్ద మూతతో తిప్పి తీసి వెయ్యాలి. డబ్బాను పిల్లలకు అందకుండా పెట్టండి.

ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, పైన "సూదులు - తెరవొద్దు" అని రాయండి. వాడిన సూదులను తడి, పొడి చెత్తలో కలపకూడదు. మీ ఏఎన్‌ఎంను గానీ, పీహెచ్‌సీలో గానీ ఈ డబ్బా ఎక్కడ తీసుకుంటారో ముందే అడగండి. ఉట్నూరు, నార్నూరు గూడేల నుంచి దీనికోసమే బస్సెక్కనక్కర్లేదు, మందులకు వచ్చిన రోజు తెస్తే చాలు.

కాల్చొద్దు. మరుగుదొడ్డిలో వెయ్యొద్దు. పెంటకుప్పలో అసలే వెయ్యొద్దు. ఎరువుతోపాటు పత్తి చేనుకు చేరుతుంది, అక్కడ ఒట్టి కాళ్లతో నడిచేవాళ్లుంటారు.

ఎవరికైనా గుచ్చుకుంటే పిండొద్దు, నోటితో పీల్చొద్దు. సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి వెంటనే పెద్ద దవాఖానకు పోవాలి: ఆదిలాబాద్‌లో రిమ్స్, కరీంనగర్‌లో ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. ఎన్ని గంటలకు గుచ్చుకుందో డాక్టరుకు చెప్పండి.