జ్వరంలో గండం గడుస్తుందా? – సాధ్యాసాధ్య విచారణ

ఇంట్లో పెద్దవారికి జ్వరం వచ్చి నాలుగు రోజులు దాటిందంటే బంధువులు వైద్యుణ్ణి అడిగే ప్రశ్న ఒక్కటే: "గండం గడుస్తుందా, అయ్యగారూ?" మందు పేరు, పథ్యం, ఖర్చు, ఇవన్నీ తరువాతి మాటలు. ఈ ప్రశ్నకు బదులు చెప్పగలగడం వైద్యంలో సగభాగమని మా గురువుగారు అంటుండేవారు. వ్యాధి ఏమిటో తెలుసుకోవడం నిదానం. ఆ వ్యాధి ఈ రోగిని ఎటు నడిపిస్తున్నదో తెలుసుకోవడం సాధ్యాసాధ్య విచారణ. తీవ్రమైన అంటువ్యాధులు సోకిన వయోజనుల విషయంలో ఈ రెండవ విద్య ఇంటివారికి కూడా కొంత తెలిసి ఉండడం అవసరం. చిన్నపిల్లల లెక్కలు వేరు గనుక వారి సంగతి ఇక్కడ చెప్పడం లేదు.

శాస్త్రం చూపిన మార్గం

చరక సంహితలోని 120 అధ్యాయాలలో పన్నెండింటిని, అంటే ఇంద్రియస్థానం మొత్తాన్ని, అరిష్ట లక్షణాలకే కేటాయించారు. అరిష్టమనగా మరణాన్ని ముందుగా సూచించే చిహ్నం. సుశ్రుతుడు కూడా సూత్రస్థానంలో కొన్ని అధ్యాయాలను ఇందుకే వినియోగించాడు. సూత్రస్థానం పదవ అధ్యాయంలో చరకుడు వ్యాధులను సుఖసాధ్యం, కృచ్ఛ్రసాధ్యం, యాప్యం, అసాధ్యం అని నాలుగు విధాలుగా విభజించాడు. సులభంగా నయమయ్యేది మొదటిది. కష్టం మీద నయమయ్యేది రెండవది. మందు వాడుతున్నంత కాలం అదుపులో ఉండేది మూడవది. చికిత్సకు లొంగనిది నాలుగవది.

ఈ విభజనలో వ్యాధి పేరు ఒక్కటే ప్రమాణం కాదు. రోగి వయస్సు, ప్రకృతి, బలం, జఠరాగ్ని, ఋతువు, అంతకు మునుపే ఉన్న రోగాలు, వ్యాధి చేరిన స్థానం, ఉపద్రవాలు అన్నీ లెక్కలోకి వస్తాయి. రోగబలం ఒక పళ్ళెంలోను, రోగిబలం మరొక పళ్ళెంలోను ఉంచి తూచడమన్న మాట. ఒకే ఇంట్లో ఒకే జ్వరం తగిలిన ఇద్దరిలో ఒకరు వారానికి లేచి తిరగడం, మరొకరు మంచం పట్టడం ఇందువల్లనే.

మూడు దోషాలూ ఒక్కసారిగా ప్రకోపించిన సన్నిపాత జ్వరానికి గ్రంథాలలో చెప్పిన లక్షణాలను నేటి దృష్టితో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. క్షణంలో దాహంతో కూడిన తాపం, మరుక్షణంలో చలి. కన్నులు ఎర్రబడి కలుషితం కావడం. మగత, ప్రలాపం, ఆయాసం. నాలుక కాలినట్లు నల్లబడి గరుకెక్కడం. ఏడవ, పదవ లేదా పన్నెండవ దినాన ఈ జ్వరం విజృంభించి శమించడమో, ప్రాణం తీయడమో జరుగుతుందని మాధవ నిదానం హెచ్చరించింది. సన్నిపాతం చివర చెవి మొదట దారుణమైన వాపు వస్తే బ్రతికేవారు అరుదని చరకుడు అన్నాడు. నీరు తగ్గి, నోరు ఎండి, బలం క్షీణించిన రోగికి లాలాగ్రంథి చీము పట్టడమే ఆ వాపని నేడు తెలుస్తున్నది.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. నాడు దాదాపు అసాధ్యమన్న ఆ కర్ణమూల శోథ నేడు సిరలోకి ద్రవాలు, తగిన యాంటీబయాటిక్ మందులు సకాలంలో అందితే సాధారణంగా నయమవుతున్నది. 1948లో క్లోరాంఫెనికాల్ రాకముందు టైఫాయిడ్ సోకినవారిలో నూటికి పది నుంచి ఇరవై మంది మరణించేవారు. తగిన చికిత్సతో అది సుమారు నూటికి ఒకటికి దిగింది. కనుక అరిష్టం కంటబడిందంటే చేతులు ముడుచుకొని కూర్చోమని అర్థం కాదు. పరుగెత్తవలసిన సమయం వచ్చిందని అర్థం. అసాధ్యానికి గీసిన గీత శాశ్వతం కాదు. అందుబాటులో ఉన్న చికిత్సను బట్టి అది జరుగుతూ ఉంటుంది.

ఇంద్రియస్థానంలో కలలు, కబురు తెచ్చిన దూత వాలకం వంటి శకునాలు కూడా ఉన్నవి. వాటిని చదువుకున్నాను గాని, వాటిని బట్టి ఏ రోగి విషయంలోనూ నిర్ణయం తీసుకోను. శ్వాస, స్వరం, వర్ణం, స్మృతి, బలం, వీటిని గురించి చెప్పినది మాత్రం నేటికీ రోగి మంచం పక్కన నిలుస్తున్నది.

నేటి వైద్యం వేసే లెక్కలు

క్రిమి సోకినప్పుడు శరీరం దానిని ఎదిరించే ప్రయత్నంలో అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకునే స్థితిని సెప్సిస్ అంటారు. 2017లో ప్రపంచమంతటా సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి ఇది కలిగిందని, 1 కోటి 10 లక్షల మంది మరణించారని అంచనా. న్యుమోనియా, మూత్రకోశ వ్యాధి, కాలి పుండు, ప్రసవానంతర జ్వరం, ఏది మొదలైనా చివరకు ఈ ద్వారం గుండానే ప్రాణాపాయం ప్రవేశిస్తుంది.

ఏ రోగికి ఎంత ప్రమాదమో చెప్పడానికి ఆసుపత్రులలో కొన్ని గణనలున్నవి. 1985లో వచ్చిన అపాచీ-2 అనే గణన దేహస్థితికి సంబంధించిన పన్నెండు కొలతలకు వయస్సును, దీర్ఘరోగాలను కలుపుతుంది. 1996లో వచ్చిన సోఫా గణన ఊపిరితిత్తులు, రక్తం, కాలేయం, రక్తప్రసరణ, మెదడు, మూత్రపిండాలు అనే ఆరింటి పనితీరుకు మార్కులు వేస్తుంది. ఈ మార్కులు రెండు పెరిగినవారిలో మరణం నూటికి పదికి పైగా ఉంటుందని 2016 నాటి నిర్వచనం తెలిపింది. ద్రవాలు ఎక్కించినా రక్తపోటు నిలబడక, దానిని నిలిపే మందులు అవసరమై, రక్తంలో లాక్టేట్ 2 మిల్లీమోల్‌లకు మించి ఉంటే అది సెప్టిక్ షాక్. అందులో మరణం నూటికి నలభైకి పైమాటే.

న్యుమోనియాకు 2003 నుంచి కర్బ్-65 అనే సులభమైన లెక్క ఉన్నది. మతి తడబాటు, రక్తంలో యూరియా పెరుగుదల, నిమిషానికి 30 లేదా అంతకు మించిన శ్వాసలు, తక్కువ రక్తపోటు, 65 ఏళ్ళు నిండిన వయస్సు, ఒక్కొక్కదానికి ఒక మార్కు. మూడుగాని, అంతకన్న ఎక్కువగాని వస్తే తీవ్రమైన వ్యాధి. వయస్సు, బలం, ఉపద్రవాలు అని మన గ్రంథాలు చెప్పినవే ఇక్కడ అంకెలుగా మారినవి.

ఈ అంకెలకూ హద్దు ఉన్నది. నూటికి ఇరవై మంది మరణిస్తారని లెక్క చెప్పినప్పుడు, మన ఎదుట ఉన్న రోగి ఆ ఇరవైలోని వాడో, మిగిలిన ఎనభైలోని వాడో ఆ లెక్క చెప్పలేదు. 2016లో ప్రచారంలోకి వచ్చిన ఒక చిన్న గణన, శ్వాస 22 లేదా అంతకు మించడం, మతి మారడం, పై రక్తపోటు 100కు దిగడం అనే మూడింటితో చేసేది, దానినొక్కదానినే నమ్మి సెప్సిస్‌ను వెదకవద్దని 2021 నాటి అంతర్జాతీయ సూచనలు చెప్పినవి. అందులో మార్కులు వస్తే ప్రమాదం ఉన్నట్లే. రాకపోయినంత మాత్రాన లేదనుకోరాదు.

ఇంటివారు గమనించవలసిన గుర్తులు

ఈ క్రింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి తీసుకుపోవాలి.

1. శ్వాస: రోగి నిద్రలోగాని, విశ్రాంతిగాగాని ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కించండి. విశ్రాంతిలో పెద్దవారికి 12 నుంచి 20 సహజం. 22 దాటితే అనుమానించాలి. 30కి చేరితే ఆలస్యం కూడదు. ఆయాసం తెలియకుండానే ప్రాణవాయువు తగ్గిపోవడం 2020, 2021 సంవత్సరాల కోవిడ్‌లో ఎందరో చూశారు. వేలికి తొడిగే ఆక్సీమీటరు ఇంట ఉంటే 94కన్న తగ్గినప్పుడు జాగ్రత్తపడాలి.

2. స్మృతి: కొత్తగా మాట తడబడడం, అయినవారిని పోల్చుకోలేకపోవడం, వారం, ఊరు తప్పు చెప్పడం, లేపినా మగతలోకి జారిపోవడం. వృద్ధులలో చాలాసార్లు మొదటి గుర్తు ఇదే. "వయస్సు వల్ల చాదస్తం" అని తోసివేయకండి.

3. మూత్రం: ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, లేదా ముదురు రంగులో బహు స్వల్పంగా రావడం. అరవై కిలోల మనిషికి గంటకు కనీసం 30 మి.లీ. రావాలి.

4. చర్మం: చేతులు, పాదాలు చల్లబడి జిగటగా చెమట పట్టడం, మోకాళ్ళ చుట్టూ నీలిమచ్చలు వలవలె కనిపించడం. వేలి చివర గట్టిగా నొక్కి వదిలితే మూడు సెకండ్లలో రక్తపు రంగు తిరిగి రావాలి. నల్లని మేనిఛాయ వారిలో గోరు మీద, అరచేతిలో చూడాలి.

5. నాడి, రక్తపోటు: జ్వర వేగం తగ్గిన తరువాత కూడా నాడి నిమిషానికి 110కి మించి సన్నని దారంవలె ఆడడం, పై రక్తపోటు 100 లేదా అంతకన్న తక్కువ కావడం.

6. వేడి: వణికించే చలితో వచ్చే జ్వరం ఎంత ప్రమాదమో, జబ్బు ముదురుతుండగా ఒళ్ళు 96.8 డిగ్రీల కన్న చల్లబడడం అంతే ప్రమాదం. వృద్ధులలో తీవ్రమైన వ్యాధి ఉన్నా జ్వరమే రాకపోవచ్చు.

జ్వరం దిగినా భయం తీరని వేళ

డెంగీలో జనం మోసపోయేది ఇక్కడే. మూడవ రోజు నుంచి ఏడవ రోజు లోపల జ్వరం దిగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు సంకటకాలం అప్పుడే మొదలవుతుంది. రక్తనాళాల గోడల నుంచి ద్రవం బయటకు కారి రక్తం చిక్కబడుతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుంచి గాని ముక్కునుంచి గాని రక్తం, తీరని నిస్సత్తువ, స్థిమితం లేకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూసి ధైర్యపడడం గాని, బెంబేలెత్తడం గాని తగదు. హిమటోక్రిట్ పెరుగుదలను, నాడిని, మూత్రాన్ని దానితోపాటు చూడాలి. బొప్పాయి ఆకు రసం తాగించి పరీక్షలు మానుకోవడం ప్రమాదకరం. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాత్రలు ముట్టరాదు.

మరొక మాట. పొలాల్లో, పొదల్లో తిరిగేవారికి జ్వరం వస్తే చంకలు, గజ్జలు, నడుము వెదకి చూడండి. సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ కావచ్చు. డాక్సీసైక్లిన్ త్వరగా పడితే సుఖసాధ్యం. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు పాకి కృచ్ఛ్రసాధ్యమవుతుంది. ఒక్క జ్వరమే రోజులు గడిచేకొద్దీ ఒక తరగతి నుంచి మరొక తరగతికి మారుతుందనడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ లేదు.

రోగిబలం తక్కువగా ఉన్నవారు

మధుమేహం, కాలేయ, మూత్రపిండ వ్యాధులు ఉన్నవారు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారు, కేన్సరు చికిత్సలో ఉన్నవారు, ప్లీహం తీసివేయించుకున్నవారు, గర్భిణులు, బాలింతలు, 65 దాటినవారు, వీరిలో చిన్న గుర్తును కూడా పెద్దదిగానే ఎంచాలి. ఒకసారి ఒక మధుమేహ రోగిని కొడుకులు నా వద్దకు తీసుకువచ్చారు. వారడిగినది కాలి పుండుకు లేపనం. పుండు చిన్నదే, జ్వరమూ లేదు. శ్వాస లెక్కిస్తే 28 వచ్చింది. భార్య చెప్పబోయిన మాట కొడుకులు మధ్యలోనే ఆపారు. నేను అడిగి చెప్పించుకున్నాను. "నిన్నటినుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడం లేదండీ" అన్నది ఆమె. లేపనం మాట పక్కన పెట్టి జీపు పిలిపించి, సూచనలు వ్రాసి ఆసుపత్రికి పంపాను. ఆ రాత్రే శస్త్రచికిత్స జరిగింది. రెండు వేళ్ళు పోయినవి, కాలు దక్కింది, మనిషి దక్కాడు.

ఇంటి వైద్యానికి హద్దు

పై గుర్తులేవీ లేని సామాన్య జ్వరంలో లఘువైన ఆహారం, గంజి, గోరువెచ్చని నీరు, విశ్రాంతి చాలా మేలు చేస్తాయి. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి సమంగా దంచి, ఒక తులం పొడిని ముప్పావు లీటరు నీటిలో సగం మిగిలేదాకా మరిగించి వడగట్టిన షడంగ పానీయం దప్పికను తీరుస్తుంది. లంఘనమంటే నీళ్ళు మాన్పించడం కాదు. మధుమేహానికి మందులు వాడేవారి చేత పస్తులు ఉంచరాదు. గుర్తులు కనిపించిన తరువాత కషాయం కాచుకుంటూ గడిపే గంట రోగి ఆయుర్దాయంలోనుంచి పోతుంది. సెప్టిక్ షాక్ వచ్చినప్పుడు గుర్తించిన గంటలోపల యాంటీబయాటిక్ అందాలని నేటి వైద్యుల నియమం.

చెప్పడం ఎలా, వినడం ఎలా

అరిష్టం కనిపించినా అడగనిదే ప్రకటించవద్దని, అడిగినా రోగికి గాని ఇతరులకు గాని హాని కలిగేచోట చెప్పవద్దని చరకుడు వైద్యునికి నియమం పెట్టాడు. దీనిని దాపరికమని కొందరు భావిస్తారు. రోగి చెవిని పడే మాట కూడా మందువంటిదేనని దాని తాత్పర్యం. అయితే పొలం అమ్మాలా, బంగారం కుదువ పెట్టాలా అని తల్లడిల్లే ఇంటిపెద్దకు నిజం తెలియాలి. అతణ్ణి పక్కకు పిలిచి తీరికగా చెప్పాలి.

బంధువులు కూడా "బ్రతుకుతారా?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగరాదు. "నిన్నటికంటె నేడు ఏ అవయవం కుదుటపడింది, ఏది దిగజారింది?" అని అడగండి. మొదటి రోజు అంకె కన్న, రెండు మూడు రోజులలో అది ఎటు నడుస్తున్నదన్నదే ఎక్కువ నిజం చెబుతుంది. మొదటి రోజు మార్కులు చూసి "ఇక లాభం లేదు" అని ఇంటికి తెచ్చుకోవడం, తగ్గే రోగాన్ని చేతులారా అసాధ్యం చేసుకోవడం కావచ్చు. వైద్యం కొనసాగుతున్నా రోజురోజుకూ ఒక్కొక్క అవయవమే విరమిస్తున్నప్పుడు, బాధ తగ్గించడమే ధర్మమన్న మాట వైద్యుని నోట వస్తే దానినీ శాంతంగా వినాలి.

జ్వరం విడిచినదనడానికి మాధవకరుడు ఇచ్చిన గుర్తులు: చెమట పట్టడం, శరీరం తేలికపడడం, తల దురద, నోటిలో పొక్కులు, తుమ్ము, అన్నం మీద కోరిక. వీటికి నేను మరి మూడు కలుపుతాను: ధారాళంగా మూత్రం, నిలకడైన శ్వాస, తేటపడిన మాట. ఈ మూడూ ఉండి రోగి "కాస్త చారన్నం పెట్టండి" అని అడిగినప్పుడు, ఇంటివారు ఆ రాత్రి కొంత నిద్రపోవచ్చు.