టమాటా తోటకు సున్నమా, జిప్సమా?

ఇబ్రహీంపట్నం చల్క నేలలలో టమాటా కాయ అడుగుభాగము నల్లబడి కుళ్ళినచో, కాయకు కాల్షియం అందలేదన్నమాట. వెంటనే గోడసున్నము తెచ్చి చల్లకుడు! నేలలో కాల్షియం ఉన్నను, ఒకనాడు తడి ఎక్కువై మరునాడు మడి బీటలు వారినచో అది కాయకు చేరదు. కావున మొదట నీటితడులను సరిచేసికొనవలెను. యూరియా మితిమీరినను ఈ బాధ హెచ్చును.

సున్నము ఆమ్ల నేలలకే తగును. మట్టి పరీక్ష చేయింపక వేసినచో ఇనుము, జింకు పైరుకు అందక ఆకులు పాలిపోవును. తడి తగలని కాల్చిన సున్నమైతే లేత వేళ్ళను, చల్లువాని కండ్లను కూడ కాల్చును. పాత ఇండ్ల గోడపెళ్ళలలో రంగుల సీసము ఉండవచ్చును, కూరతోటలో వలదు.

పరీక్షలో కాల్షియం కొరత తేలినచో జిప్సం మేలు. వేరుసెనగకు ఊడలు దిగునపుడు ఎకరాకు 200 కిలోలు వేయునది ఇదే. స్వచ్ఛమైన దానిలో కాల్షియం 23 శాతము. నేల పులుపును అంతగా మార్చదు. కోడిగ్రుడ్డు పెంకులు హానిలేనివే గాని, కరుగుటకు నెలలు పట్టును; ఈ కాపునకు అక్కరకు రావు.