తుమకూరు రోడ్డు మీద యంత్రాల తిరునాళ్లు

ఎగ్జిబిషన్ అనగానే తెలుగువాళ్లకు హైదరాబాద్ నాంపల్లి గుర్తొస్తుంది. 1938లో మొదలైన నుమాయిష్‌కి వెళ్తే కశ్మీరు శాలువాలు, లక్నో కుర్తాలు, పిల్లలకు జెయింట్ వీలు, చివర్లో వేడివేడి మిర్చి బజ్జీ. బెంగళూరు శివార్లలో, తుమకూరు రోడ్డు మీద మాదావర దగ్గర జనవరిలో జరిగే ఎగ్జిబిషన్‌లో ఇవేవీ కనిపించవు. అక్కడ కొనడానికి వచ్చిన మనిషి యంత్రం ముందు నిలబడి, అది ఇనుమును చెక్కుతుంటే ఆ చప్పుడు వింటాడు. తయారైన ముక్కను చేతిలోకి తీసుకుని అంచు మీద వేలు రాసి చూస్తాడు. ధర మాట ఆ తర్వాతే.

దాని పేరు ఇమ్‌టెక్స్. ఒక ఏడాది లోహాన్ని చెక్కే యంత్రాలు, మరుసటి ఏడాది రేకును వంచే, నొక్కే యంత్రాలు. 1946లో ఏర్పడిన యంత్ర పరికరాల తయారీదారుల సంఘం 1969లో బొంబాయిలో దీన్ని మొదలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పరాయి హాళ్లలోనే నడిచింది. చివరికి 2007లో ఆ సంఘమే బెంగళూరులో సొంతంగా ఒక ప్రదర్శనశాల కట్టుకుంది. అదే బెంగళూరు అంతర్జాతీయ ప్రదర్శన కేంద్రం, జనం నోట బీఐఈసీ. లేతులు, ప్రెస్సులు తయారుచేసేవాళ్లు తమ సరుకు చూపించుకోవడానికి తామే ఇల్లు కట్టుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి ఇదే.

ఆ ఇల్లు ఆ రోడ్డు మీదే ఎందుకు వెలిసిందో తెలియాలంటే మెట్రో గ్రీన్ లైన్ ఎక్కితే చాలు. యశ్వంతపుర దాటాక పీణ్య, పీణ్య ఇండస్ట్రీ, జాలహళ్లి స్టేషన్లు వరసగా వస్తాయి. 1953లో హెచ్ఎంటీ పుట్టింది జాలహళ్లిలోనే. దేశానికి చేతిగడియారాలు ఇవ్వడానికి ముందు ఆ సంస్థ ఇచ్చింది లేతులు. పీణ్యలో 1970ల నుంచి చిన్నచిన్న కార్ఖానాలు వేల సంఖ్యలో పెరిగాయి. యంత్రం చేసేవాడు, దానికి పనిముట్టు చేసేవాడు, దాన్ని బాగుచేసేవాడు అందరూ ఆ చుట్టుపక్కలే ఉన్నారు.

ఇమ్‌టెక్స్ జరిగేది కొద్ది రోజులే. దాన్ని నిలబెట్టే రోజులు వేరే ఉంటాయి, చూడాల్సింది వాటిని. ముందు ఖాళీ హాలు నేల మీద ఎవరి జాగా ఎంతో గీతలు పడతాయి. లోపలి మూల ఎవరిదో వాళ్ల యంత్రమే ముందు రావాలి. తలుపు దగ్గరివాళ్లు తొందరపడి దించేసుకుంటే వెనకవాళ్లకు దారి మూసుకుపోతుంది. అందుకే ఏ లారీ ఎప్పుడు లోపలికి రావాలో ముందే నిర్ణయమవుతుంది. టన్నుల బరువున్న యంత్రాన్ని క్రేను గాల్లోకి ఎత్తితే, కింద నలుగురు తాళ్లు పట్టుకుని అంగుళం అంగుళం తిప్పుతారు. దించాక లెవెల్ చూడాలి. కాళ్ల కింద వెంట్రుకవాసి తేడా ఉన్నా చెక్కిన ముక్క కొలత తప్పుతుంది, వచ్చే కొనుగోలుదారు జేబులో మైక్రోమీటరు పెట్టుకుని వస్తాడు. ఆ తర్వాత మూడు ఫేజుల కరెంటు, గాలి గొట్టాలు, శీతలీకరణ నూనె. తివాచీ పరిచేది అన్నిటికంటే ఆఖరున. దానిమీది ప్లాస్టిక్ కాగితాన్ని తలుపులు తెరిచే రోజు పొద్దున్నే లాగేస్తారు.

చిన్న కంపెనీలకు దొరికేది మూడు మీటర్లకు మూడు మీటర్ల స్టాలు. ఎనిమిది ముఖాల అల్యూమినియం స్తంభాలు, మధ్యన తెల్ల పలకలు, నెత్తిన పేరు రాసిన పట్టీ. మొదటి ఇమ్‌టెక్స్ జరిగిన ఏడాదే జర్మనీలో పుట్టిన ఆక్టానార్మ్ పద్ధతి ఇది. చేయి తిరిగిన ఇద్దరు చకచకా బిగించేస్తారు, విప్పి లారీలో వేస్తే ఇంకో ఊళ్లో ఇంకో ఎగ్జిబిషన్‌కి అదే సామాను పనికొస్తుంది. పెద్ద కంపెనీలకు మాత్రం ప్లైవుడ్‌తో, రీపర్లతో భవనాల్లాంటి స్టాళ్లు కావాలి. పుట్టీ పెట్టి, రంగు వేసి, అద్దంలా మెరిపించి, ఆఖరి రోజు సాయంత్రం సుత్తులతో పగలగొడతారు. అలాంటి చెక్క కుప్పలుగా పోతుంటే బాధగా ఉంటుంది. మళ్లీ వాడుకోగల స్టాలు కట్టిన కంపెనీకే మంచి జాగా ఇస్తామని నిర్వాహకులు ఒక్క మాట గట్టిగా చెబితే ఈ అలవాటు మారుతుందని నా నమ్మకం.

స్టాళ్లు కట్టే రాత్రుళ్లు పనిచేసేవాళ్లు ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి వచ్చిన వడ్రంగులు, పెయింటర్లు, కరెంటు పనివాళ్లు. రంగు ఆరేలోపు అట్టముక్క పరుచుకుని స్టాలు మూలనే కునుకు తీస్తారు. ఎగ్జిబిషన్ ముగిశాక వచ్చే ప్రకటనల్లో ఎన్ని దేశాలు, ఎంతమంది సందర్శకులు, ఎన్ని కోట్ల వ్యాపారం అన్నీ ఉంటాయి. ఎంతమంది కట్టారన్న లెక్క కూడా ఆ పక్కనే ఉండాలి.

2020 మార్చి తర్వాత ఆ లెక్క సున్నా అయింది. కరోనాతో సభలు, ప్రదర్శనలు ఆగిపోయి స్టాళ్లు కట్టే చేతులు ఖాళీగా మిగిలాయి. లండన్‌లో ఎక్సెల్ ప్రదర్శనశాల ఆసుపత్రిగా మారినట్టే, ఆ ఏడాది జూలైలో బీఐఈసీ కూడా కోవిడ్ కేంద్రమైంది. 10,100 పడకలకు ప్రణాళిక వేశారు. అనుకున్నంతమంది రోగులు రాకపోవడంతో సెప్టెంబరులో మూసేశారు. అంత పెద్ద కప్పు, కరెంటు, నీళ్లు, లారీలు తిరిగే దారి ఒకే చోట సిద్ధంగా ఉండటం వల్లే వేల మంచాలు అంత త్వరగా పడ్డాయి.

బెంగళూరుకు ఇలాంటి కప్పు కొత్త కాదు. లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శనలు జరిగే గాజుభవనానికి 1889లో పునాది వేశారు. 1851లో లండన్ మహాప్రదర్శన కోసం జోసెఫ్ పాక్స్‌టన్ కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ దానికి నమూనా. పాక్స్‌టన్ తోటపనితో పైకొచ్చినవాడు, మొక్కలకు కట్టే గాజు ఇంటినే యంత్రాల కోసం పెద్దది చేశాడు. మాదావర కప్పు కిందికి ఇప్పుడు ఐటీ కూడా వచ్చింది. 1998లో మొదలైన బెంగళూరు ఐటీ సదస్సు ఏళ్ల తరబడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో నడిచి, 2025లో మాదావరకు చేరింది.

చేరడానికి దారి పడ్డది మాత్రం ఆలస్యంగానే. ప్రదర్శనశాల 2007లో తెరిస్తే మాదావరకు మెట్రో వచ్చింది 2024 నవంబరులో. పదిహేడేళ్ల పాటు దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో గంటలు గంటలు కూర్చున్నారు. ఇంత పెద్ద నగరం చేయదగిన పని కాదది. ఇప్పుడు కాచిగూడలో రైలెక్కి యశ్వంతపురలో దిగిన హైదరాబాద్ బాలానగర్ వర్క్‌షాప్ యజమాని, పక్కనే మెట్రో ఎక్కి నేరుగా హాలు దగ్గర దిగొచ్చు.

ఆ యజమానిని చూస్తే మన సంగతి గుర్తొస్తుంది. హైదరాబాద్‌కు 2003 నుంచి హైటెక్స్ ఉంది, 2006 నుంచి హెచ్ఐసీసీ ఉంది. 2012లో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు అక్కడే జరిగింది. విశాఖలో పెట్టుబడుల సదస్సులు జరుగుతున్నాయి. ఇవన్నీ మంచివే. అయితే మంత్రుల ప్రసంగాలకు సరిపోయే హాలు వేరు, ప్రెస్సు యంత్రం నడిపి చూపించే హాలు వేరు. 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పే సంస్థ ఉన్న బాలానగర్‌కీ, లారీ బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్‌కీ కావలసింది రెండోది. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక్క షెడ్డు చాలు. టన్నుల బరువు మోసే నేల, ట్రైలరు దూరే గుమ్మం, మూడు ఫేజుల కరెంటు, రాత్రి పనివాళ్లు స్నానం చేసి పడుకోవడానికి ఒక గది. దాన్ని ఎలా నడపాలో ఆ చుట్టుపక్కల కార్ఖానాల వాళ్లే చూసుకుంటారు, మాదావరలో చూసుకుంటున్నట్టు.