ఏడాది ఆలస్యంగా వేసిన మట్టి

ఈస్టర్ దగ్గర పడుతుందంటే ఖమ్మంలో మా వాళ్లందరికీ సున్నం, కొవ్వొత్తులు, పూలదండల హడావుడి మొదలవుతుంది. శనివారం సాయంత్రానికే కుటుంబాలకు కుటుంబాలు సమాధుల తోటకి చేరతాయి. గడ్డి పీకుతారు, సున్నం కొడతారు, చెరిగిపోయిన పేర్లని నల్లరంగుతో మళ్లీ దిద్దుతారు. ఆదివారం తెల్లారకముందే కొవ్వొత్తులు వెలుగుతాయి. దీన్నే సమాధుల పండుగ అంటాం.

‘సమాధుల దగ్గర పండుగేంట్రా?’ అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. 2022 దాకా నా దగ్గర కూడా దానికి సరైన జవాబు లేదు.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. పాల్వంచ, భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల... ఏ స్టేజీలో ఎవరు ఎక్కుతారో, ఎవరి దగ్గర చిల్లర ఉండదో ఆయనకి కంఠతా వచ్చు. 2021 మేలో, కరోనా రెండో వేవ్‌లో పోయారు. ఆ నెల 12 నుంచే రాష్ట్రమంతా లాక్‌డౌన్. భూస్థాపనకి ఆరుగురమే ఉన్నాం. అమ్మకి కూడా పాజిటివ్ రావడంతో ఇంట్లోనే ఐసోలేషన్. వీడియో కాల్‌లో చూపిస్తున్నాను. సరిగ్గా గోతిలోకి దించేటప్పుడు సిగ్నల్ పోయింది. మళ్లీ కలిసేసరికి పూడ్చేశారు. దుమ్ముగూడెం దగ్గర ఊళ్లో ఉన్న మా మేనత్త బయల్దేరదామంటే దారి లేదు. అన్న ఏళ్ల తరబడి టికెట్లు కొట్టిన రోడ్డు మీద ఆ రోజు చెల్లెలికి ఒక్క బస్సు దొరకలేదు.

పిడికెడు మట్టి వేయడం మాలో చిన్న విషయం కాదు. పసిపిల్లల చేత కూడా వేయిస్తారు. అదే ఆఖరి మాట లాంటిది. అమ్మకి ఆ మాట మిగిలిపోయింది.

ఆదరణ కూడిక జూమ్‌లో జరిగింది. ‘ఆయన ప్రభువు దగ్గర ఉన్నారు, మనం ఏడవకూడదు’ అని ఒక్కొక్కరూ చెప్పారు. మంచి మనసుతోనే. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ అమ్మ మొహం ఇంకాస్త బిగుసుకుపోవడం నేను పక్కనుంచి చూశాను. చర్చి తెరిచాక కూడా వెళ్లలేదు. ఎవరేమన్నా ఒకటే జవాబు: ‘మట్టి కూడా వేయలేదు.’

నిజానికి పౌలు థెస్సలొనీకయులకి రాసింది ఏడవొద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్లలా ఏడవొద్దని. ఆ రెండిటికీ చాలా తేడా ఉంది. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అతని సమాధికి వెళ్తూ ఏడ్చాడు. అలాంటప్పుడు మనల్ని ఏడవొద్దనడానికి ఎవరికి హక్కుంది?

ఆ రోజుల్లో నిద్రపట్టక ఫోన్‌లో సువార్తల చివరి అధ్యాయాలు చదివేవాణ్ణి. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథే. అయినా ఒక విషయం అప్పుడే తగిలింది. యేసుని సిలువ వేసింది శుక్రవారం. పొద్దుగూకితే విశ్రాంతిదినం మొదలైపోతుంది, ఇక ఏ పనీ చేయకూడదు. అందుకే హడావుడిగా దగ్గర్లో ఉన్న సమాధిలో పెట్టేశారు. ఆడవాళ్లు ఎక్కడ పెట్టారో చూసి వెళ్లిపోవాల్సి వచ్చింది. శనివారమంతా ఇంట్లోనే. అదీ ఒక రకం లాక్‌డౌనే కదా అనిపించింది నాకు. ఆదివారం చీకటితోనే సుగంధద్రవ్యాలు పట్టుకుని బయల్దేరారు. పునరుత్థానం చూద్దామని కాదు. సగంలో ఆగిపోయిన అంత్యక్రియ పూర్తి చేద్దామని! దారి పొడుగునా వాళ్ల బెంగ ఒక్కటే, ఆ రాయి ఎవరు దొర్లిస్తారని.

మొదటి ఈస్టర్‌కి ఎవరూ ఆశతో వెళ్లలేదు. బాకీ తీర్చడానికి వెళ్లారు.

ఇది అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ 2022 ఏప్రిల్ 17న, ఈస్టర్ రోజు, నాలుగింటికే లేచి రెడీ అయింది. చేతిలో ఒక క్యారీబ్యాగ్. అందులో మా పెరట్లో జామచెట్టు కింది మట్టి. ముందురోజు రాత్రే బస్సులో వచ్చిన అత్త ఆ సంచి చూసి ఏమీ అడగలేదు.

సమాధి దగ్గర అమ్మ పిడికెడు మట్టి వేసింది. అత్తా వేసింది. ఆపుకుంటున్న అమ్మని చూసి అత్త అంది: ‘ఏడువు వదినా, ఎవరడ్డమొచ్చిండ్రు? రేపు లేచినంక మా అన్న అడుగుతడు, నా కోసం ఎవరెవరు ఏడ్చిండ్రని. ఏం చెప్తవ్?’

అమ్మ నవ్వింది, ఏడ్చింది. పదకొండు నెలల్లో ఆ రెండూ చూడటం అదే మొదటిసారి. ఆ రోజుతో బాధ పోయిందా అంటే పోలేదు. నాన్న ఫోన్ నంబర్‌కి ఇప్పటికీ రీఛార్జ్ చేయిస్తూనే ఉంది.

అదే ఏడాది జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీళ్లు ఎవరూ చూడలేదు. అత్తావాళ్లు పునరావాస కేంద్రంలో తలదాచుకున్నారు. ఊరి సమాధుల తోట ఒండ్రు కింద పడిపోయింది. చెక్క సిలువలన్నీ కొట్టుకుపోయాయి.

2023 ఏప్రిల్ 9, ఈస్టర్‌కి అమ్మా నేనూ అక్కడికే వెళ్లాం. ఇప్పపూలు రాలే కాలం, తెల్లవారుజామున దారంతా ఆ వాసనే. ఈ అడవి అంచుకి క్రైస్తవం వచ్చి నూట అరవై ఏళ్లు దాటింది. గోదావరి పనుల మీద వచ్చిన ఇంజనీరు హెయిగ్ చొరవతో 1860ల మొదట్లో దుమ్ముగూడెంలో మిషన్ మొదలైంది. తర్వాత అక్కడ ఏళ్ల తరబడి ఉన్న జాన్ కెయిన్ కోయల ఆచారాల గురించి చాలా రాశాడు. 1909లో వచ్చిన థర్స్టన్ పుస్తకంలో కోయల గురించిన ఒక వివరం నన్ను వదల్లేదు. నెల లోపు బిడ్డ చనిపోతే ఇంటి పక్కనే, చూరు కింద పాతిపెట్టేవాళ్లట. చూరునీళ్లు ఆ గుంత మీద పడితే మళ్లీ బిడ్డ పుడుతుందని నమ్మకం. అదీ పునరుత్థానమూ ఒకటే అని నేననను, కలిపేయడం నాకు ఇష్టం లేదు కూడా. కానీ వాన పడ్డప్పుడల్లా ఆ చూరు వైపు చూసిన తల్లి ఎవరో, ఆమె మనసు నాకు అర్థమవుతుంది.

ఆ పొద్దున అత్త తన మామగారి సమాధి కోసం వేపచెట్టు నుంచి అడుగులు లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్క తప్పింది. ‘ఈడనే ఉంటడులే, దేవునికి ఎరుకే గదా’ అని ఒక చోట కొవ్వొత్తి గుచ్చింది. చాలామందిదీ అదే పరిస్థితి. అమ్మ తన ప్యాకెట్‌లో మిగిలినవన్నీ చీకటిగా ఉన్న చోట్లలో వెలిగిస్తూ పోయింది, అక్కడ ఎవరున్నారో తెలీకుండానే.

ఇప్పుడు మా వీధిలో ఎవరింట్లో చావు జరిగినా అమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకుని వెళ్తుంది. పెద్దగా మాట్లాడదు. పోయిన నెల పక్క సందులో ఒకాయన పోతే, దుబాయ్‌లో ఉన్న కొడుక్కి టికెట్ దొరకలేదు, రాలేకపోయాడు. ఫోన్‌లో ఏడుస్తున్న అతనితో అమ్మ అంది: ‘ఈస్టర్‌కి రా బాబూ. మట్టి అప్పుడు వేద్దువుగాని. నేనూ వస్తా నీతో.’