పని గడువు తీరిన గర్భిణికి దిక్కెవరు?

అరకులోయ యనగానే మన సోదరీమణులకు బొర్రాగుహలును, సొరంగములగుండ పోవు రైలుబండియు, ఇటీవలి కాలమున కాఫీయు జ్ఞప్తికి వచ్చును. ఆ కాఫీగింజ మన వంటింటి డబ్బాలోనికి చేరుటకు ముందు ఎవరి చేతులమీదుగా వచ్చినదో తలచువారు తక్కువ. నవంబరు మొదలు ఫిబ్రవరివరకు, మిరియపుతీగలు ప్రాకిన చెట్లనీడను నిలువబడి, పండినపండు నొక్కొక్కటిగా చూచి కోయువారిలో ఆడువారు మెండు. సొంతతోట గల గిరిజనులు కలరు. పరులతోటలలో దినకూలికి పోవువారును కలరు. కోత ముగియగానే ఆ పనియు ముగియును. పిమ్మట కొందఱు మైదానమునకు దిగి మిరపకోతలకో, ఇటుకబట్టీలకో పోవుదురు.

వీరిలో ఒకామెకు అయిదవ నెల యనుకొందము. ఫిబ్రవరిలో కోత ముగిసినది. పని మరల వచ్చినప్పుడు కబురు చేసెదనని మేస్త్రీ చెప్పి పోయినాడు. ఆ కబురు వచ్చునో రాదో తెలియదు. పని లేనిదానికి ఆసుపత్రిలో మాత్రము ఏమి హక్కని ఆమె తలచును. చేత కాగితమొకటియు లేదు. పరీక్ష లేకయే నెలలు దొర్లిపోవును. ప్రాణముమీదికి తెచ్చునది ఇదియే. మన్యమున గర్భిణులకు రక్తహీనత ఎక్కువ. సికిల్‌సెల్ అను రక్తవ్యాధియు ఆ ప్రాంతమున కలదు. రక్తము పరీక్షించినగాని ఈ రెంటి సంగతి తేలదు.

కావున ముందుగా చెప్పవలసినది ఒకటి కలదు. ప్రభుత్వ వైద్యశాలలో కాన్పునకును కూలిపనికిని ముడి లేదు. 2011 జూన్ 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము ప్రకారము అచ్చట ప్రసవించు ప్రతి స్త్రీకిని కాన్పు, శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రక్తము, రాకపోకలకు బండి అన్నియు ఉచితము. సహజప్రసవమైనచో 3 దినములు, శస్త్రచికిత్స యైనచో 7 దినములు భోజనము కూడ పెట్టవలెను. కోరాపుట్ వైపునుండి సరిహద్దు దాటి కూలికి వచ్చిన ఒడిశా స్త్రీకిని ఇది చెల్లును. పరదేశములలో పనిపత్రము గడువు తీరగానే ఆరోగ్యబీమా యాగిపోవు చోట్లు కలవు. మన ప్రభుత్వాసుపత్రి వాకిట అట్టి అడ్డు లేదు. ఈ మాట తెలియక ఇంటనే కూర్చుండుట ఎంత దుఃఖకరము!

డబ్బు సంగతి వేఱు. దానికి కాగితములు కావలెను. ప్రధానమంత్రి మాతృవందన యోజనక్రింద తొలిచూలు తల్లికి 5,000 రూపాయలు వచ్చును: గర్భము నమోదై పరీక్ష జరిగిన పిమ్మట 3,000, బిడ్డపుట్టుక నమోదై తొలి టీకాలు పడిన పిమ్మట 2,000. రెండవబిడ్డ ఆడపిల్ల యైనచో 6,000. ఆధారు, బ్యాంకుఖాతా ఉండవలెను. వలసపోయిన ఇల్లాలికి ఒక కిస్తు ఒక ఊరను, రెండవది మఱియొక ఊరను చిక్కుపడుట అరుదు కాదు.

ఇక యజమాని బాధ్యత. 1961 ప్రసూతి ప్రయోజన చట్టపు నియమములు ఇప్పుడు 2020 సామాజిక భద్రతా స్మృతిలో చేరినవి. కాన్పునకు ముందటి 12 నెలలలో 80 దినములు పనిచేసిన స్త్రీకి, ఇద్దఱు బిడ్డలవరకు, 26 వారముల వేతనము ముట్టవలెను. దినకూలికి ఇది చెల్లదని కొందఱనిరి. ఢిల్లీలో మస్టరురోలుపై పనిచేయు స్త్రీల వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2000లో ఆ వాదమును త్రోసివేసినది. మఱి గడువు తీరినచో? ఢిల్లీలోనే కాంట్రాక్టుపై నున్న ఒక వైద్యురాలికి ప్రసూతి సెలవు మొదలైన కొద్దిదినములకే, 2017 జూన్‌లో, ఒప్పందము ముగిసినది. ఒప్పందముతోపాటు ప్రయోజనము ముగియదని 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది.

తీర్పు చక్కగనే యున్నది. అయినను కొండకూలికి అది అందుట కష్టమని మా యభిప్రాయము. వైద్యురాలికి నియామకపత్రము కలదు. ఈమెకు మేస్త్రీ జేబులోని పుస్తకము తప్ప మఱేమియు లేదు. 80 దినములను మూడు తోటలలో పంచి పనిచేసినచో ఏ తోటవాడును తనదని యొప్పుకొనడు. ఎకరము, రెండెకరముల సొంతతోటయో, చట్టము దృష్టిలో ప్లాంటేషనే కాదు. తాను పనిచేసిన దినములను ఆమెయే వ్రాయించి ఉంచుకొనుట ఒక్కటే మాకు తోచు ఉపాయము.

దారి సంగతియు చెప్పవలెను. బండి పోలేని గూడెములనుండి నొప్పులు వచ్చిన స్త్రీని నేటికిని డోలీకట్టి మోయుచున్నారు. వానకాలమున గెడ్డలు పొంగినచో డోలీయు కదలదు. ఇందులకే 2018లో పార్వతీపురము ఐ.టి.డి.ఏ. వారు సాలూరులో గర్భిణుల వసతిగృహము నెలకొల్పిరి. నెలలు నిండువేళకు ముందే కొండ దిగివచ్చి, ఆసుపత్రికి దగ్గఱగా ఉండి, కాన్పు చేయించుకొని పోవుట దాని యేర్పాటు. మంచి యోచన. కాని ఇంట పెద్దపిల్లలను, మేకలను ఎవరు చూతురని తల్లులు వెనుదీయుదురు, వారిని తప్పుపట్టనేల?

చదువరులలో కొందఱి పొలములలోను, కట్టుచున్న ఇండ్లకడను కొండస్త్రీలు పనిచేయుచుందురు. వారిలో గర్భిణి యుండినచో ఆమెను ఆ వీథి అంగన్వాడీకి తీసికొనిపోయి పేరు వ్రాయింపుడు. తాను పుట్టిన ఊరే కానక్కరలేదు. ఏ.ఎన్.ఎం. చేతినుండి తల్లీబిడ్డ కార్డు ఇప్పింపుడు. తూకము, రక్తపుపాళ్లు, టీకాలు, కాన్పు అంచనా తేది అన్నియు అందులోనే యుండును. ఆమె మరల ఊరు మారునప్పుడు ఆ కార్డును పాస్‌పుస్తకముతో కలిపి ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇండు; 108 అను మూడంకెలు ఆమెచేత వల్లె వేయింపుడు.